కంటికాటా

ముందే ఒప్పేసుకుంటున్నాను. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. మా ఇంటి ముందు రెండు కుక్కలుంటే చుట్టాలకు పన్నెండని చెబుతాను. నమ్మకం కుదరాలని అందులో ఒకటి కుంటిదని కూడా చేరుస్తాను. మా ఆవిడ పెళ్ళయిన మొదటి ఏడాదిలోనే దీనికి ఒక ఉపాయం కనిపెట్టింది. నేనేం చెప్పినా నాలుగో వంతు ఉంచుకుని మిగతాది వదిలేస్తుంది. పాతికేళ్ళ కాపురం ఆ నాలుగో వంతు మీదే నడిచింది. మీరూ అలాగే చదువుకోండి. పెంచి చెప్పినవి ఎక్కడెక్కడో ఏరి చూపించడం నా వల్ల కాదు. కాని ఇందులో పెంచింది కాక, ఏమీ లేనిచోట పుట్టించింది ఒకటుంది. అదేదో చివర్లో చెబుతాను. చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నేను శంషాబాద్ విమానాశ్రయం దగ్గర ఒక కార్గో షెడ్డులో పనిచేస్తాను. విమానంలో మనుషులు పైన కూర్చుంటారు. వాళ్ళ కాళ్ళ కింద మందుల డబ్బాలు, మామిడిపండ్లు, మిషన్ల విడిభాగాలు, ఒక్కోసారి కోడిపిల్లలు వెళతాయి. ఆ కిందవాటి సంగతి నాది. పెట్టె వస్తుంది, కాటా మీద పెడతారు, నేను బరువు రాస్తాను. రోజుకు ఓ లక్ష పెట్టెలు రాస్తానని మా చుట్టాల్లో ప్రతీతి. ఆ ప్రతీతిని పెంచి పోషించింది నేనే.

మా షెడ్డులో ఒక అలవాటుంది. పెట్టె కాటా ఎక్కకముందే బరువెంతో చెప్పాలి. దగ్గరగా చెప్పినవాడికి ఓడినవాళ్ళు టీ ఇప్పిస్తారు. నేను చేరిన కొత్తలో సరదాకి మొదలుపెట్టాను. కొన్నేళ్ళకు నా కంటి చూపే కాటా అయిపోయింది. పెట్టె గుమ్మంలోకి వస్తుండగానే అంకె నా కళ్ళ ముందు పడుతుంది. అందుకే నాకు కంటికాటా అని పేరు పెట్టారు. పెద్దాఫీసరు కూడా మిషను చెడిపోతే మెకానిక్కు బదులు నన్ను పిలుస్తాడని నేనే ప్రచారం చేశాను.

ఇంకొక సంగతి చెప్పకపోతే ముందుముందు మీకు అర్థం కాదు. విమానంలో సరుకుకు బరువొక్కటే చూడరు. పెట్టె తేలికగానే ఉండొచ్చు, కాని చోటు ఎక్కువ ఆక్రమిస్తే పొడవూ వెడల్పూ ఎత్తూ కొలిచి దానికో లెక్కబరువు కడతాం. దూది పెట్టె, ఖాళీ డ్రమ్ము, బొమ్మల అట్టపెట్టె లాంటివి అన్నమాట. దాన్ని మేము వాల్యూమ్ వెయిట్ అంటాం. అసలు బరువు కంటే అది ఎక్కువైతే అదే ఖాయం. షెడ్డులో అది రోజూ అనుకునే మామూలు మాట.

ఇక నా సంగతి. నా పొట్ట నాకంటే రెండు నిమిషాలు ముందు డ్యూటీకి హాజరవుతుంది. గేటు దగ్గర అది కార్డు చూపిస్తే నేను వెనకాల వెళతాను. ఈ మాట నేను వెయ్యిసార్లయినా అని ఉంటాను. ఎందుకంటానో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

చిన్నప్పుడు గోదావరి వైపు మా స్కూల్లో డ్రిల్లు మేష్టారు పిల్లల్ని వరుసలో నిలబెట్టి నా దగ్గరికొచ్చి ఆగారు. "నీకు వేరే వరుస పెట్టాలిరా," అన్నారు. పిల్లలు నవ్వారు. ఆ సాయంత్రం దండెం మీద ఆరేసిన చీరల వెనక నిలబడి ఏడ్చాను. మర్నాడు ఆయన నోరు తెరవకముందే నేనే అన్నాను: "నాకు రెండు వరుసలు కావాలండి మేష్టారూ." పిల్లలు మళ్ళీ నవ్వారు, కాని ఈసారి నవ్వించింది నేను. ఆ రోజు దొరికిన విద్యతో నలభై ఏళ్ళు బతికేశాను. ఎవరైనా రాయి తీసేలోపు నేనే తీసి నా నెత్తిన వేసుకుంటాను. దెబ్బ అంతే తగులుతుంది, కాకపోతే విసిరినవాడి పేరు తెలిసి ఉంటుంది. ఆ తర్వాత నేనెప్పుడూ చొక్కా విప్పి కాలవలో దిగలేదు. కబడ్డీకి పిలిస్తే కాలు బెణికిందనేవాణ్ణి. పదో తరగతి అయ్యేదాకా నా కాలు బెణికే ఉంది.

మా అమ్మాయికి వాళ్ళమ్మ కళ్ళు, నా ఎముకలు వచ్చాయి. అప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది.

బడంగ్‌పేట్‌లో మా బావమరిది ఫ్లాటు కొనుక్కుని గృహప్రవేశం చేశాడు. డాబా మీద షామియానా, కింద వంటలు. ఎండ ఎలా ఉందంటే షామియానా కింద నిలబడ్డవాళ్ళకు కూడా నీడ పడింది. భోజనాల దగ్గర ఎప్పటిలాగే నా చుట్టూ జనం చేరారు. చుట్టాల ఇళ్ళలో ఇది నాకు అచ్చొచ్చిన ఆట. మనిషిని ఎగాదిగా చూసి బరువు చెబుతాను. కొత్తింటికి ఎవరో ఇచ్చిన బరువు చూసే మిషనొకటి తెచ్చి పెట్టారు. నేను చెప్పడం, వాళ్ళు ఎక్కి చూసుకోవడం, "అబ్బో!" అనడం. తోడల్లుడిది చెప్పాను. పురోహితుడిది చెప్పాను, ఆయన దక్షిణతో కలిపి, దక్షిణ లేకుండా, రెండూ.

అప్పుడు మా మేనత్త, "అందరివీ చెబుతున్నావు, నీ కూతురిది చెప్పవేంరా?" అంది. ఎవరో మా అమ్మాయిని ముందుకు తోశారు. చేతిలో పళ్ళెం ఉంది. నేను ఒక అడుగు వెనక్కి వేసి, పెట్టెను కొలిచినట్టు రెండు చేతులూ గాల్లో చాచి పొడవు కొలిచాను, వెడల్పు కొలిచాను, ఎత్తు కొలిచాను.

"దీనికి మామూలు కాటా పనికిరాదండీ. వాల్యూమ్ వెయిట్ కట్టాలి!" అన్నాను.

అందరూ నవ్వారు. నవ్వుకు షామియానా గుంజలు ఊగాయి. మా అమ్మాయి కూడా నవ్వింది. అందరికంటే గట్టిగా, వంగి మరీ నవ్వింది. నా విద్యే దీనికీ అబ్బిందని ఆ క్షణంలో నాకు గర్వంగా కూడా అనిపించింది. రేపు ఎవరైనా ఏమైనా అంటే తట్టుకుంటుంది, అనుకున్నాను.

ఆ తర్వాతి సోమవారం నుంచి పరుగు మొదలుపెట్టింది.

మేముండేది మామిడిపల్లి దగ్గర కొత్త కాలనీలో. పది నిమిషాలు నడిస్తే ఒక వెంచరు. పేద్ద ఆర్చీ, లోపల నున్నటి తారురోడ్లు, వరసగా నంబర్లు వేసిన రాళ్ళు. ఇళ్ళు మాత్రం లేవు. చుట్టుపక్కల పొద్దున్నే నడిచేవాళ్ళంతా అక్కడికే వెళతారు. విమానాలు దాని మీదుగానే దిగుతాయి. ఎంత కిందుగా అంటే కిటికీ పక్క ఆవిడ తింటున్న ఇడ్లీలోకి చట్నీ ఏమిటో చెప్పొచ్చు.

మొదట్లో అంతా బాగుంది. పరుగెత్తి వచ్చిన రోజు దాని మొహం కడిగిన గాజులా ఉండేది. రాత్రుళ్ళు ఫోను చూస్తూ మేలుకునే పిల్ల తొమ్మిదింటికే నిద్రపోయేది. పరీక్షల ముందు వచ్చే కడుపునొప్పి రాలేదు. స్నానాల గదిలో పాడుకునేది. నేను మంచి బూట్లు కొనిచ్చాను. షెడ్డులో అందరికీ చెప్పాను. అక్కడితో ఆగి ఉంటే ఇది రాసే పనే ఉండేది కాదు.

పొద్దున పరుగు సాయంత్రానికి కూడా వచ్చింది. తర్వాత కాలేజీ లేని మధ్యాహ్నాలకు వచ్చింది. మాతో కూర్చుని తినడం మానేసింది. ఎండాకాలంలో వదులు చొక్కా మీద ఇంకో చొక్కా. పాట ఆగిపోయింది. అద్దం మీద తువ్వాలు కప్పి ఉండేది. మరచిపోయిందనుకుని నేను తీసేవాణ్ణి. మర్నాడు మళ్ళీ ఉండేది.

మా ఆవిడ ఒకరోజు దువ్వెన తెచ్చి నా ముందు పెట్టింది. నిండా జుట్టు.

"ఏమండీ, ఇది చూశారా?"

"నాకు రాలితే ఎవరూ చూపించలేదే!" అన్నాను.

"ప్రతిదానికీ ఓ జోకు. దానికి ఒంట్లో బాగాలేదండీ."

"బాగాలేనిది రోజుకు రెండుసార్లు పరిగెడుతుందా?"

ఆవిడ దువ్వెన తీసుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు ఆవిడ నా మాటలో నాలుగో వంతు కూడా ఉంచుకోలేదు.

మా షెడ్డులో ఒక లోడరున్నాడు. మామిడిపల్లి మనిషి, నా ఈడువాడు, చువ్వలా ఉంటాడు. ఆ వెంచరు ఉన్న నేలలో వాళ్ళ చెలక, అంటే మెట్టపొలం, కూడా ఉండేదట. డ్యూటీకి వచ్చేటప్పుడు, పోయేటప్పుడు బండి ఆ రోడ్ల మీదనుంచే తిప్పుకుంటాడు. ఒక మధ్యాహ్నం కాటా దగ్గర నా పక్కన నిలబడ్డాడు.

"సార్, ఒక్క మాట. కోపానికి రావొద్దు."

"చెప్పన్నా."

"నీ బిడ్డ మా వెంచర్ల ఉరుకుతున్నది."

"అవునన్నా. ఇంకో ఏడాది ఆగు, విమానం కంటే ముందు బెంగుళూరులో దిగుతుంది."

ఆయన నవ్వలేదు. "పొద్దుగాల ఉరుకుతే ఏంగాదు. నిన్న మిట్టమధ్యాహ్నం సూసిన. కుక్కలు సుత నీడకు వోయినయ్, తారు మెత్తవడ్డది. ఉరికేటోళ్లు గట్ల ఉరుకరు సార్. ఎనుక ఎవలో తరుముతున్నట్టు ఉరుకుతున్నది. జర ఆగు బిడ్డా అన్న. నన్ను సూడనే లేదు. ఏంది, ఇంట్ల ఏమన్న పరేషాన్ ఉన్నదా?"

"పరేషానేం లేదు. సన్నబడాలని దాని పట్టుదల."

"గింతంత బిడ్డ, ఇగ ఏం సన్నగైతది? ఎవలన్న ఏమన్న అన్నరా?"

"ఎవరంటారన్నా?" అన్నాను. కాటా మీద పెట్టె ఉంది. దాని వైపు చూస్తూ అన్నాను.

సరిగ్గా వారానికి ఆయన దగ్గర్నుంచే ఫోను వచ్చింది. ఆ రోజు ఆయనకు సెలవు.

"సార్, భయపడకు. బిడ్డ రోడ్డు మీద పడ్డది. మాట్లాడుతున్నది. మా ఆమె నీళ్లు తాగిపిచ్చింది. ఆటోల దవాఖానకు తీస్కపోతున్నం, నువ్వు సీదా ఆడికే రా."

ఎలా వెళ్ళానో నాకు గుర్తులేదు. ఇక్కడ పెంచి చెప్పడానికి కూడా నా దగ్గర ఏమీ లేదు.

మంచం మీద సెలైను ఎక్కుతోంది. మోకాళ్ళు గీరుకుపోయి ఉన్నాయి. లోడరు భార్య తలవైపు కూర్చుని కొంగుతో విసురుతోంది. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే, మంచం మీద ఉన్నది నా కూతురని మనసుకు అందేలోపే, అంకె నా కళ్ళ ముందు పడింది. ఇన్నేళ్ళుగా నాకు టీలూ చప్పట్లూ తెచ్చిపెట్టిన ఆ అంకె. అది ఎంతో రాయను. ఈ కన్ను నాకెందుకు ఉందా అని ఆ రోజు గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

ఒంటికి చూసిన డాక్టరు రెండు రోజులు ఉంచి, మనసుకు చూసే డాక్టరమ్మ దగ్గరికి పంపించాడు. ఆవిడ గదిలో ముగ్గురం కూర్చున్నాం. ఆవిడ చాలాసేపు మామూలు కబుర్లే అడిగింది, కాలేజీ, స్నేహితులు, పరుగులో ఏది ఇష్టం. మా అమ్మాయి, "మొదట్లో ఇష్టంగా ఉండేది. తర్వాత పరిగెట్టకపోతే భయం వేసేది," అంది.

డాక్టరమ్మ నా వైపు తిరిగి, "ఇంట్లో బరువు చూసే మిషను ఉందాండీ? ఉంటే కొన్నాళ్ళు తీసేయండి," అంది.

"లేదండీ," అన్నాను.

"ఉంది," అంది మా అమ్మాయి. తల ఎత్తలేదు. "నాన్న."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది, ఓదార్పుకో, లేచి ఏదో ఒకటి అనేస్తానని ఆపడానికో. ఎప్పుడూ నా నోటికి ముందే వచ్చి నిలబడే జోకు ఆ రోజు రాలేదు.

తర్వాత డాక్టరమ్మ నన్ను విడిగా కూర్చోబెట్టి అడిగితే గృహప్రవేశం సంగతి చెప్పాను. "సరదాకే అన్నానండీ. అది కూడా నవ్వింది," అన్నాను. ఆవిడ ఏదో రాసుకుంది. కలం పక్కన పెట్టి, "నడక పూర్తిగా మాన్పించక్కర్లేదు. ఒళ్ళు కదిలితే మనసుకు మంచిదే, ఆ పిల్లకీ మొదట అలాగే పనిచేసింది. ఇప్పుడు అది శిక్షలా తయారైంది. కాస్త తేరుకున్నాక మెల్లగా, ఎవరైనా తోడుగా నడవండి. దూరం లెక్కపెట్టొద్దు, టైము చూడొద్దు. తన ఒంటి గురించి మంచైనా చెడైనా ఒక్క మాట అనొద్దు. పళ్ళెంలోకి చూడొద్దు," అంది.

తోడు నేనే అయ్యాను. మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులని ఒక కారణం. పక్కన నేనుంటే ఎవరూ వేగంగా నడవలేరని రెండో కారణం. మొదటి రోజు ఆర్చీ నుంచి మూడో కరెంటు స్తంభం దాకా వెళ్ళేసరికి నాకు ఊపిరాడలేదు. నా ఆయాసానికి వెంచరులో నాటిన మొక్కలన్నీ ఒక పక్కకు వాలాయి. మా అమ్మాయి ఆగింది. నేను కదిలాక కదిలింది. దానికి ఆగడం నేర్పడానికి నా ఒళ్ళు పనికొస్తుందని నలభై ఏళ్ళలో నాకెప్పుడూ తట్టలేదు.

రెండు నెలలు దాదాపు మాటల్లేకుండా నడిచాం. నాలోనూ ఏదో జరుగుతోంది. రోజూ పొద్దున లేవగానే గుండెల మీద ఎవరో పెట్టె పెట్టినట్టుండేది. అందరికీ అలాగే ఉంటుందనుకునేవాణ్ణి. నడిచిన రోజు ఆ పెట్టె దింపేసినట్టుండేది. పొట్ట ఎక్కడికీ పోలేదు, అది నమ్మకస్తురాలు.

ఒక పొద్దున్న ఓ రాయి మీద కూర్చుని డ్రిల్లు మేష్టారి సంగతి చెప్పాను. దండెం మీద చీరల సంగతి, కాలవలో దిగని సంగతి. మా అమ్మాయి విని అడిగింది:

"ఇందులో ఎంత ఉంచుకోవాలి నాన్నా? నాలుగో వంతేనా?"

"మొత్తం ఉంచుకో తల్లీ."

"మరి నీకు తెలుసు కదా అది ఎలా ఉంటుందో," అంది.

అంతే అంది. కోపంగా కూడా అనలేదు. తల మీదుగా ఒక విమానం దిగింది. అది పోయి చప్పుడు ఆగేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.

వెంచరు చివర అమ్ముడుపోని ప్లాట్లలో లోడరూ భార్యా కూరగాయలు పెట్టుకున్నారు. ఒకప్పటి వాళ్ళ చెలకే అది. ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి సాగుతోంది. మా అమ్మాయి నడక ఆ మడుల దగ్గర ఆగడం మొదలైంది. నీళ్ళ బిందె అందించడం, పాదులకు మట్టి ఎగదోయడం. లోడరు భార్య, "గట్ల నడుం వంచకు బిడ్డా, కూసోని చెయ్యి," అని అరిచేది. ఒకరోజు మట్టి చేతులతో మొహం తుడుచుకుంటూ మా అమ్మాయి ఏదో కూనిరాగం తీసింది. నేను వినిపించుకోనట్టు ప్లాట్ల నంబర్లు చదువుతూ నిలబడ్డాను. పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది. ఆ మూడు రాళ్ళనూ పదిసార్లు చదివాను.

కార్తీకంలో ఒక పొద్దున లోడరు ఒక గుమ్మడికాయ కోసి తెచ్చాడు. రెండు చేతులా పట్టుకుని, షెడ్డులో అలవాటు కొద్దీ నా ముందు పైకెత్తాడు.

"చెప్పు సార్, ఎంత?"

నా కళ్ళ ముందు అంకె పడింది. గ్రాములతో సహా. పక్కన మా అమ్మాయి చేతులు కడుక్కుంటోంది. ఆ నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. నా మొహంలోకే చూస్తోంది.

"తెలియదన్నా," అన్నాను.

"ఏందీ?" అన్నాడాయన.

"ఎంతో తెలియదు."

"సార్‌కే తెల్వదంట! ఇగ ఎయిర్‌పోర్టు బందే!" అని ఆయన భార్య వైపు తిరిగి నవ్వాడు. మా అమ్మాయి వచ్చి ఆ కాయను ఆయన చేతుల్లోంచి తీసుకుని గుండెకు హత్తుకుంది.

ఇంటిదాకా నడిచాం. సగం దారిలో, "బరువుగా ఉంది నాన్నా, కాసేపు పట్టుకో," అంది. పట్టుకున్నాను. కాలనీ మలుపులో మళ్ళీ తను తీసుకుంది. మా ఆవిడ దానితో పులుసు పెట్టింది. ముగ్గురం కలిసి కూర్చున్నాం. మా అమ్మాయి ఎంత తిందో నాకు తెలియదు. నేను భోజనమంతా గోడ మీది క్యాలెండరు చూస్తూ చేశాను. పూర్తిగా నయమైందని చెప్పను, డాక్టరమ్మే ఇంకా చెప్పలేదు. కొన్ని రోజులు పొద్దున అద్దం మీద తువ్వాలు ఇప్పటికీ ఉంటుంది. నేను దాన్ని ముట్టుకోను.

ఇక మొదట్లో నేను ఇచ్చిన మాట. పెట్టెలు లక్ష కాదు. షామియానా గుంజలు ఊగలేదు. ఇడ్లీలో చట్నీ ఎవరికీ కనబడదు. గుమ్మడికాయ సంగతి జరిగింది జరిగినట్టే రాశాను. ఇవేవీ కాదు నేను పుట్టించింది.

గృహప్రవేశం రోజున మా అమ్మాయి నవ్వలేదు.

నవ్విందని ఇంటికొచ్చేటప్పుడు కారులో మా ఆవిడకు చెప్పాను. డాక్టరమ్మకు చెప్పాను. చెప్పగా చెప్పగా నాక్కూడా ఆ నవ్వు వినిపించడం మొదలైంది. అది నవ్వి ఉంటే నేను సరదాకే అన్నట్టవుతుంది కదా. జరిగింది ఇది: నేను గాల్లో చాచిన చేతుల్ని అది ఒకసారి చూసింది. తర్వాత తన పళ్ళెంలోకి చూసుకుంది. అందులో కొరికిన గారె ఒకటుంది. దాన్ని వేలితో మెల్లగా పళ్ళెం అంచుకు జరిపింది. అదంతా నేను చూశాను. చూసి, మిషను దగ్గర ఇంకెవరో పిలుస్తుంటే అటు తిరిగాను.